గేటు బయట బండి

తార్నాకల మేము కిరాయికున్న ఇంటి ఓనరు మస్తు మంచోడని గల్లీ అంతా అంటది. నేను మాత్రం అనను. ఎందుకనాలె? యూనివర్సిటీల తల నెరిసేదాక పాఠాలు చెప్పి రిటైరైన సారు. మూఢనమ్మకాలు పోవాలెనని ఎవరు మైకిచ్చినా గంటసేపు దంచుతడు. ఇంటి గేటు మీద మాత్రం నీలం రంగుతోటి రాయించిండు: "కిరాయిదార్లు చెప్పులు గేటు బయట విడువవలెను." ఆయన చెప్పులు, ఆయన ఇంటోళ్ల చెప్పులు లోపల చెక్క స్టాండు మీద నీడకు కూసుంటయి. మావి రోడ్డు మీద, మురికి నీళ్ల మోరి పక్కన. వానొస్తే తడుస్తయి, కుక్కకు బుద్ధి పుడితే పోతయి. నా కొత్త శాండిలొకటి కుక్క ఎత్తుకపోయిన ఆదివారం నేను హవాయి చెప్పులేసుకొని చర్చికి పోయిన. మా అత్త అయితే తన చెప్పుల జతను కవర్ల చుట్టి, కూరగాయల లెక్క సంకల పెట్టుకొని మెట్లెక్కుతది. "నా చెప్పులు రోడ్డు మీద పెట్టాల్నట, వానికేం పోయేకాలం వచ్చింది," అని ఆయనకు వినబడేటట్టే అంటది.

నేను క్యాంపస్ దవాఖానల నర్సుగ పనిచేసిన. రిటైరైనా, యూనివర్సిటీ రోడ్ల మీద కనబడితే ఇప్పటికీ "సిస్టరమ్మా, బాగున్నరా" అని ఆగేటోళ్లు ఉన్నరు. ఇంట్ల మాత్రం నా పేరు "ఏమే". పిలిచేది మా అత్త. మా ఆయన పోయినంక ఆమెకు నేను, నాకు ఆమె మిగిలినం. పిల్లలు కాలేదు. ఆమెకు నేను నచ్చ, నాకు ఆమె నచ్చదు. కూరల ఉప్పు తక్కువైతే మా అమ్మ పెంపకం ఎత్తుతది, ఎక్కువైతే "సూదులు పొడిచినంత అల్కగాదే వంటంటే" అని నా నౌకరి ఎత్తుతది. మధ్యాన్నం పూట ముఖం మీద కొంగు కప్పుకొని పండుకుంటది, ఈగలు వాలొద్దని. గట్ల ముఖం కప్పుకోకు అత్తమ్మా, చూస్తే గుండె గుభేలుమంటది అని ఎన్నిసార్లు చెప్పిన్నో. "నేను చస్తే నీకే సుఖం గదనే, ఎందుకు భయం?" అంటది, కొంగు తియ్యకుండనే.

ఇల్లు చూపించిననాడే ఓనరు షరతులన్ని చెప్పిండు. నల్లా నీళ్లు పొద్దుగాలనే పట్టుకోవాలె. మటన్ వండితే కిటికీలు మూసుకోవాలె. చెప్పుల సంగతి చెప్పనే చెప్పిన. ఆఖరికి గొంతు తగ్గించి, మా అత్త దిక్కు చూడకుండ, "ఇంకోటి సిస్టర్. పెద్దామె ఉన్నది గద. ఎవరి చేతుల లేని పని. రేపు ఏమన్న అయితే బాడీని గేటు లోపలికి తేవద్దు. ఏమనుకోకుండ్రి, తర్వాత ఆ పోర్షన్ల ఎవరు దిగరు," అన్నడు.

పట్నంల కిరాయికున్నోళ్లకు ఇది కొత్త సంగతి కాదు. గోడకు మేకు కొట్టాలంటే ఓనర్ని అడగాలె, చచ్చినంక ఇంటికి రావాలన్నా అడగాలె. మేకుకైనా ఒప్పుకుంటరు గాని శవానికి ఒప్పుకోరు. రోడ్డు మీద టెంటు కింద, వచ్చిపోయే బండ్ల నడుమ పెట్టుకోవాల్సిందే. చదువుకున్నోడు, చదువుకోనోడు, దేవుణ్ణి నమ్మేటోడు, నమ్మనోడు, ఈ ఒక్క ముచ్చటల అందరొక్కటే. నేను సరేనని తలూపిన. ఊపకపోతే ఇంకో గల్లీల ఇంకో ఓనరు గదే మాట అంటడు. మా అత్త వినలేదనుకున్న. మెట్లు దిగుకుంట అన్నది, "నాకేం చెవుడు లేదు."

ఆమె భయం నాకు తెలుసు. మా ఆయన కాచిగూడ స్టేషన్ దగ్గర ఒక లాడ్జిల మేనేజరుగ చేసేటోడు. అప్పుడు మేము విద్యానగర్ల ఉంటుంటిమి. ఆయనకు కౌంటర్ల కూసున్న చోటనే గుండె ఆగిపోయింది. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చింది మా క్యాంపస్ అంబులెన్సే, నేను స్టాఫని పంపిండ్రు. తెల్ల మెటడార్ వ్యాను, పక్కలకు ఎర్ర గీత. మేము వచ్చేసరికి అప్పటి ఓనరు గేటుకు తాళమేసి ఎటో వెళ్లిపోయిండు. సరే, ఆయనను బండిల్నే ఉంచుదాం, వెనక తలుపులు తెరిస్తే జనం చూసిపోతరు అనుకున్న. జరసేపు గట్లనే ఉంచినం. ఇంతల లేడీస్ హాస్టల్ల ఒక పిల్లకు ఫిట్స్ వచ్చినయని కబురొచ్చింది. డ్రైవరు నా ముఖం దిక్కు చూసిండు. నేనే నర్సును, నేను పొమ్మనకపోతే ఎవరంటరు? పొమ్మన్న. మా ఆయనను దింపి రోడ్డు మీద, మోరి పక్కన, పరదా కింద పెట్టినం. స్కూటర్లోళ్లు హారన్లు కొట్టుకుంట పక్కకెళ్లి పోయిండ్రు. రోడ్డు మీద బండ్లు పోయినప్పుడల్లా మోరి నీళ్లు చిల్లుతుంటే మా అత్త కొడుకు కాళ్ల మీద బట్ట సర్దుకుంట కూసున్నది, పొద్దంతా.

సమాధుల తోట నుంచి వచ్చినంక నా చెయ్యి పట్టుకున్నది. "నన్ను గిట్ల రోడ్డు మీద వెయ్యకు," అన్నది. అంతకు ముందు గాని, తర్వాత గాని ఆమె నన్ను ఏదీ అడగలే. తిట్టుడే తప్ప అడుగుడు ఆమెకు రాదు. వెయ్యనత్తమ్మా అన్న. ఎట్ల వెయ్యకుండ ఉంటనో నాకే తెల్వది. సొంతిల్లు మా తరం కాదు. ఊరికి తీస్కపోదామంటే ఊర్ల మా ఇల్లు ఎప్పుడో కూలింది, ఆ జాగల మా దాయాదులు బర్లను కట్టేస్తున్నరు.

నేను రిటైరయ్యే ఏడాది, క్యాంపస్ దవాఖాన వెనక వేపచెట్టు కింద ఆ పాత బండిని వేలానికి పెట్టిండ్రు. కొత్త అంబులెన్సు వచ్చినంక దాన్ని గాడ పడేసి మర్చిపోయిండ్రు. టైర్లు మట్టిల కుంగినయి. లోపల కుక్క పిల్లలు పెట్టింది. జంగువట్టి కింద రేకంతా జల్లెడైంది. వేలానికొచ్చినోళ్లల్ల ఒకాయన, జుట్టుకు రంగేసుకున్నడు, దాంట్ల చాయ్ హోటల్ పెడతనని అందరికి చెప్పుకుంట తిరుగుతున్నడు. స్ట్రెచర్ మీద సమోసాలు పెడతడట, సెలైన్ సీసాలల్ల జ్యూసు పోస్తడట. స్టూడెంట్లు ఫోటోలు దిగనీకె ఎగబడతరట. నా కడుపు మండింది. ఆ స్ట్రెచర్ మీద పండుకున్నోళ్లను నేను చేతులతోటి మోసిన. ఎవ్వడు సమోసా పెట్టేదిరా దాని మీద? ఆయన ఎంత అంటే నేను దాని మీద అన్న. ఆయన పెంచితే నేను పెంచిన. "పిచ్చా ఏందమ్మా నీకు?" అని ఆయన చేతులు దులుపుకొని పోయేదాక వదల్లే.

పిచ్చి కాదు. ఆనాడు ఆ బండి మా ఆయనను దింపి పోయింది, ఎందుకంటే అది మాది కాదు. మనదైతే ఎవడు కబురువెట్టినా పోదు. నాలుగు గోడలు, పైన కప్పు, ముయ్యనీకె తలుపులు, నా పేరు మీద. దాంట్ల మా అత్తను ఉంచితే రోడ్డు మీద వేసినట్టు కాదు. నాకు ఇంతకన్న వేరే ఇల్లు దొరకదని గప్పుడే తెలిసింది.

ఇంటికొచ్చి బండి కొన్ననని మాత్రమే చెప్పిన, ఎందుకో చెప్పలే. చెప్తే "అంటే నేను జల్ది పోవాలని జూస్తున్నవా?" అంటది. కొన్నననేసరికే లేచింది. "నా కొడుకును రోడ్డు మీద పారేసిపోయిన బండినా? నీ బుద్ధి పాడుగాను! ముడుపులు గట్టినా గిసోంటి కోడలు దొరకదే," అని చేతిల ఉన్న చిక్కుడుకాయలు చాటల ఎత్తేసింది. ఆ తర్వాత నాతోటి మాట్లాడుడు బంద్ చేసింది. నిజం చెప్పాలంటే ఆ రోజులు నాకు పండుగ లెక్కనే ఉండె.

బండిని మెట్టుగూడల రైల్వే క్వార్టర్ల వెనక ఒక షెడ్డుకు తోలించిన. ఆ షెడ్డు మిస్త్రీ అంత మొండి మనిషిని నేను దవాఖానల గూడ చూడలే. "రేపు రా సిస్టరమ్మా," అంటడు. రేపు పోతే రేపంటడు. ఆఖరికి టిఫిన్ డబ్బా కట్టుకొని పోయి, స్టూలేసుకొని షెడ్డుల్నే కూసునుడు మొదలుపెట్టిన. నా ముఖం చూడలేక పని చేసిండు. కింద రేకంతా కోసి కొత్తది అతికిండు. ఇంజన్ మార్చి వేరేది వేద్దామంటే నేను వద్దన్న, ఆయన నెత్తి కొట్టుకున్నడు. రెండు సీట్ల నడుమ డబ్బా కింద ఉంటది ఆ ఇంజను, జర దూరం పోతే మోకాళ్లు కాల్తయి. పాత సామాను బజార్ల తిరిగి కిటికీ అద్దాలు తెచ్చిన, సగం దాక తెల్ల రంగు పూసినయి, లోపల పండుకున్నోళ్లు బయటోళ్లకు కనబడకుండ. సెలైన్ తగిలించే కొక్కెం, స్ట్రెచర్ పట్టాలు, బెంచి అన్ని పాతయే ఉంచమన్న. ఆయన ఊకుంటడా? నాకు చెప్పకుండ, వెనకకు తీస్తే డాన్సు పాట మోగే హారన్ బిగించిండు. "గా హారన్ పీకుతవా, నీ చెవి పీకమంటవా?" అని అడిగిన. పీకిండు. రంగు పని అయిపోయినంక ముంగట నిమ్మకాయ మిరపకాయలు కట్టిండు. మేము క్రైస్తవులమయ్యా అంటే, "దిష్టికి మతం తెల్వదు సిస్టరమ్మా, ఉండనియ్యి," అన్నడు. ఇద్దరం జోరుగ కొట్లాడుకున్నం. నిమ్మకాయ ఉన్నది.

కాగితాల కోసం ఆర్టీవో ఆఫీసు చుట్టూ చెప్పులరిగేటట్టు తిరిగిన. సైరన్ ఉండొద్దు, ఎర్ర లైటు ఉండొద్దు, అంబులెన్స్ అని రాసుడు వద్దు, సొంత బండి అంటే సొంత బండి లెక్కనే ఉండాలె అన్నరు. మంచిది, నాక్కావల్సింది గదే. నడుపుడు క్యాంపస్ రోడ్ల మీదనే నేర్చుకున్న. పొద్దుగాల వాకింగ్ చేసే సార్లు నా బండిని చూసి ఫుట్‌పాత్ మీదికి ఎగిరేటోళ్లు. ఎక్కడెక్కడి మోకాళ్ల నొప్పులో ఆ నెల మాయమైనయి.

ఇగ బండిని తెచ్చి ఇంటి ముంగట, గేటు పక్కన మోరి మీద బండలేసిన చోట నిలిపిన. గల్లీకి నిద్ర పట్టలే. ఎదురింటామె చుట్టూ తిరిగి పోతుండె. పెండ్లి సంబంధాలు చూస్తున్నోళ్లు నా బండికి పరదా కప్పమన్నరు. తెల్లారితే టైర్ల కింద ఎవరో మంత్రించిన నిమ్మకాయలు పెట్టిపోయేటోళ్లు. నేను ఏరుకొచ్చి కడిగి షర్బత్ చేసిన. మా అత్త అప్పటికి నాతో మాట్లాడతలేదు గాని గ్లాసు ఖాళీ చేసింది. "చక్కెర జర తక్కువైంది," అని గోడకు చెప్పింది.

ఓనరు పేపరు చేతుల పట్టుకొని దిగొచ్చిండు. "ఏంది సిస్టర్ ఇది? పొద్దుగాల లేవంగనే దీని ముఖం చూడాల్నా? అందరు అపశకునం అంటున్నరు. నేను నమ్మ, కాని అందరు అంటున్నరు గద."

"నమ్మనప్పుడు మీకేం తిప్పల సారూ? పోయి పేపర్ చదువుకోండ్రి."

"మీరు మాట్లాడే పద్ధతి బాగలేదు."

"మీరు క్లాసుల పడిపోయిననాడు ఇదే బండిల పండుకొని పోయినరు. దవాఖాన వచ్చేదాక నా చెయ్యి ఇడువలే. ఆనాడు శకునం చూసుకోలేదు?"

ఆయన ముఖం ఎర్రగైంది. పై అంతస్తు కిటికీల ఓనరమ్మ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. "నెలాఖరుకు ఖాళీ చెయ్యుండ్రి," అన్నడు. ఆ మాట అంతకు ముందు గూడ మస్తు సార్లు అన్నడు. రోడ్డు ఆయనది కాదు, బండి ఆయనది కాదు, ఇల్లు మాత్రం ఆయనదే. ఆ సంగతి మా ఇద్దరికి తెలుసు.

మా అత్త బండి ఎక్కనంటే ఎక్కనన్నది. బీపీ మందుల కోసం ఆమెను క్యాంపస్ దవాఖానకు తీస్కపోవాలె. ఒకనాడు ఎండ మండిపోతుంటే ఆటోవాడు నోటికొచ్చిన కిరాయి అడిగిండు. మా అత్త వాణ్ణి వాని తాత దాక తిట్టి, మర్లి వచ్చి బండి తలుపు తట్టింది. "తెరువు. నీ కోసం కాదు, వానికి బుద్ధి రావాలని," అన్నది. ముందర సీట్ల కూసోవెట్టిన. మందులు తీసుకున్నంక ఊరికే క్యాంపస్ అంతా తిప్పిన. రాతి బిల్డింగు, హాస్టళ్లు, చెట్ల కింద చదువుకునే పోరలు. ఆమె దేన్నీ మెచ్చుకోలే. "గింత జాగ ఉన్నది, ఒక్కడన్న జొన్న వేసిండా?" అని మాత్రం అడిగింది.

వాపసు వచ్చేటప్పుడు ఇంజను వేడికి కాళ్లు కాల్తున్నయని వెనకకు పోతనన్నది. బండి ఆపి వెనక తలుపులు తెరిచి ఎక్కించిన. స్ట్రెచర్ దిక్కు చూసుకుంట నిలబడ్డది.

"దీని మీదనేనా వాణ్ణి పండుకోవెట్టింది?"

"ఔ, అత్తమ్మా."

దాని మీద చెయ్యి పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరి దాక నిమిరింది, పసిపిల్లల ఒళ్లు నిమిరినట్టు. తర్వాత మెల్లగ దాని మీద ఒరిగింది. నేను కండ్లు తుడుచుకున్న. ఇగ దాచుకొని ఏం చేస్త? "ఇది నీ కోసమే కొన్న. ఈసారి ఇది ఎటూ పోదు. నిన్ను రోడ్డు మీద వెయ్య," అన్న. ఆమె కొంగు ముఖం మీదికి లాక్కున్నది. నిద్ర పట్టిందనుకున్న, తలుపులు దగ్గరకేసి వచ్చి బండి కదిలించిన.

గల్లీలకొచ్చి గేటు ముంగట ఆపి, ఆమెను దింపుదామని వెనక తలుపులు బార్లా తెరిచిన. ఓనరు వరండల కూసొని చాయ్ తాగుతున్నడు. బండి లోపలికి చూసిండు. స్ట్రెచర్ మీద ముసలామె, ముఖం మీద బట్ట, కదుల్తలేదు. నా కండ్లు కూడ ఎర్రగున్నయి. కప్పు కిందపెట్టి ఉరికొచ్చి, గేటుకు అడ్డంగ రెండు చేతులు చాపి నిలబడ్డడు.

"సిస్టర్, లోపలికి తేవద్దు! నేను ముందే చెప్పిన, మీరు ఒప్పుకున్నరు. గీడనే రోడ్డు మీద పెట్టుకోండ్రి. షామియానా నేను ఇప్పిస్త, కుర్చీలు గూడ నేనే చెప్త. గేటు లోపలికి మాత్రం వద్దు."

ఎదురింటి కిటికీలు దబదబ మూసుకున్నయి. పైన ఓనరమ్మ "అయ్యో పెద్దమ్మా, పొద్దుగాలనే జగడమాడితివి గదమ్మా నాతోటి" అని శోకం ఎత్తుకున్నది. నేను నోరు తెరుద్దామనుకునేసరికి స్ట్రెచర్ కిర్రుమన్నది. మా అత్త కొంగు తీసి, లేచి కూసున్నది.

"ఎవన్కిరా షామియానా?"

ఓనరు "అమ్మో" అని ఎనుకకు ఎగిరి చెక్క స్టాండు మీద పడ్డడు. ఆయన చెప్పులు, ఓనరమ్మ చెప్పులు అన్ని గేటు బయటికొచ్చి దొర్లినయి. గల్లీల ఒక్కొక్క కిటికీ తెరుచుకున్నది. ఎవరో కిసుక్కుమన్నరు. నేను గూడ నవ్విన, కడుపు పట్టుకొని నవ్విన. మా అత్త నవ్వలే. బండి దిగి, కవర్ల చుట్టిన చెప్పులు సంకల పెట్టుకొని, ఆయన పక్క నుంచే మెట్లెక్కింది. రోజు తిట్టినట్టు తిడితే బాగుండు అనిపించింది.

ఇంట్ల మంచం మీద కూసొని అన్నది, "నా ముంగటనే అన్నడు చూడే. కుర్చీలు గూడ చెప్తడట."

"వాని మాటకేముంది లే అత్తమ్మా."

"నేను వాని కండ్ల ముంగట గిన్నేండ్ల సంది తిరుగుతున్న. పండుగకు పచ్చడి ఇస్తే తిన్నడు. బట్ట కప్పుకుంటే రోడ్డు మీద పెట్టమన్నడు." కండ్లు తుడుచుకున్నది. "విను. నేను పోయినంక వాడు బతిమాలినా సరే, కాళ్లు మొక్కినా సరే, ఆ గేటు లోపలికి నన్ను తీస్కపోకు. మన బండి ఉన్నది గద. మనింట్లనే ఉంచు."

మనింట్ల అన్నది. ఆమె నోట్ల నుంచి "మన" అనే మాట నేను అదే మొదలు వినుడు. నేను వంటింట్లకు పోయి ఏడ్చిన, ఆమె చూస్తే మళ్ల ఏదో ఒకటి అంటదని.

మర్నాటి నుంచి బండి ఆమెదైంది. పొద్దుగాలనే లోపలంతా ఊడ్చి, తడిబట్టతోటి తుడిచి, స్ట్రెచర్ మీద తన పూల చెద్దరు పరిచేది. మధ్యాన్నం వెనక తలుపులు తెరిచి బెంచి మీద కూసొని చిక్కుడుకాయలు తుంచేది. చెప్పులు బండి మెట్టు కింద విడిచి ఎక్కేది, ఎవరన్న ముచ్చట పెట్టనీకె వస్తే వాళ్లతోటి గూడ విడిపించేది. "ఊడ్చిన ఇల్లు, కనబడతలేదా?" అనేది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టినోళ్లే కొన్ని రోజులకు వచ్చి ఆ బెంచి మీద కూసునుడు మొదలుపెట్టిండ్రు. ఓనరమ్మ అందరికన్న ముందు. ఓనరు ఒక్కడు రాలే. గేటు దాటేటప్పుడు తల వంచుకొని పోయేటోడు. నన్ను ఖాళీ చెయ్యమనుడు గూడ బంద్ చేసిండు. నేను ఆయనను క్షమించలే. ఇప్పటికీ క్షమించలే, అడిగినోళ్లకు చెప్తున్న.

చలికాలంల ఆమెకు ఊపిరితిత్తులకు నెమ్ము వట్టింది. దవాఖానకు తీస్కపోయేటప్పుడు స్ట్రెచర్ మీద పండుకోమంటే, "గప్పుడే గాదు" అని ముందర సీట్లనే కూసున్నది, ఎగపోసుకుంటనే. లోపల నాకు తెలిసిన డాక్టర్లే, చెయ్యాల్సిందంతా చేసిండ్రు. ఆఖరి రోజు నేను చెంచతోటి జావ పోస్తుంటే చప్పరించి, "ఉప్పెయ్యలేదే," అన్నది. నేను ఉప్పు తెద్దామని పోయి వచ్చేసరికి నర్సు పిల్ల కర్టెన్ గుంజుతున్నది.

ఇప్పుడు స్ట్రెచర్ మీద పండుకోవెట్టిన. పూల చెద్దరు కప్పిన, ముఖం మాత్రం కప్పలే. నేనే నడుపుకుంట తెచ్చిన. దారంత ఆమెతోటి మాట్లాడిన, ఆమె మధ్యల తిట్టలేదు. గల్లీలకొచ్చి, రోజు నిలిపే చోటనే నిలిపి, వెనక తలుపులు తెరిచిన. ఓనరమ్మ ఉరికొచ్చింది. తన చేతులతోటే గేటు రెండు రెక్కలు బార్లా తెరిచింది.

"తీస్కరా సిస్టరమ్మా, పెద్దమ్మను లోపలికి తీస్కరా. ఎవడేమంటడో నేను చూస్త."

"వద్దమ్మా," అన్న. "ఇంట్లనే ఉన్నది."

జనం వచ్చిండ్రు. క్యాంపస్ నుంచి నాతోటి పనిచేసిన నర్సులు, గల్లీ ఆడోళ్లు, కొడుకు పోయిననాడు రోడ్డు మీద చూసిపోయిన చుట్టాలు. పాస్టరుగారు బెంచి మీద కూసొని ప్రార్థన చేసిండు. స్కూటర్లు వచ్చినయి, పోయినయి. మోరి కింద పారుతున్నది. ఒక్క చుక్క మా అత్త మీద చిల్లలే. పొద్దెక్కేదాక ఓనరు వరండల స్తంభం పక్కనే నిలబడ్డడు. ఓనరమ్మ ఏదో అన్నది, వినబడలే. లోపలికి పోయి ఒక పూలదండ పట్టుకొని గేటు దాటి వచ్చిండు. నాతోటి మాట్లాడక ఎన్ని రోజులైందో. బండి మెట్టు దగ్గర ఆగి, లోపలికి చూసి, నా దిక్కు చూసిండు.

"సిస్టరమ్మా," అన్నడు. "లోపలికి రావచ్చునా?"

జరసేపు ఆయనను గట్లనే నిలబెట్టిన. ఎండ నెత్తి మీదున్నది. ఎందుకు నిలబెట్టొద్దు?

"రాండ్రి సారూ," అన్న. "చెప్పులు బయట విడువుండ్రి."